జర్మన్ ఇంటిపేరు పుట్టుక కనుక్కోవడం: కోరాపుట్ సమాధి రాయి నుంచి జర్మనీ చర్చి రిజిస్టరు దాకా

కోరాపుట్, జయపురం, గుణుపురం ప్రాంతాల పాత లూథరన్ చర్చిల్లో జర్మన్ ఇంటిపేర్లు ఎదురవుతూనే ఉంటాయి. సమాధి రాయి మీద ఒకటి, బాప్తిస్మం రిజిస్టర్లో పాస్టరు సంతకం దగ్గర ఇంకొకటి. జర్మనీ ఉత్తరపు కొసన, డెన్మార్క్ సరిహద్దుకి దగ్గర్లో బ్రెక్లుం అనే ఊరుంది. 1876లో క్రిస్టియన్ యెన్సెన్ అనే పాస్టరు అక్కడ మిషన్ సంఘం పెట్టాడు. ఆ సంఘం పంపగా ఎర్న్‌స్ట్ పోల్, హెర్మన్ బోట్‌మన్ అనే ఇద్దరు 1882లో ఈ వైపు వచ్చారు. వెనక వచ్చినవాళ్లు సాలూరు, పార్వతీపురాల్లో తెలుగుతోనూ, కొండ మీద ఒడియాతోనూ పని నడిపారు. అందుకే ఒకే మనిషి పేరు మన దగ్గర జర్మన్‌లో ఒకలా, ఇంగ్లీషులో ఒకలా, తెలుగులో ఒకలా, ఒడియాలో ఇంకోలా దొరుకుతుంది.

పోల్ అనే పేరునే తీసుకోండి. ఉత్తర జర్మనీ పల్లెభాషలో పోల్ అంటే నీటిమడుగు, మన 'కుంట'. తూర్పు జర్మనీలో పోల్ అంటే పోలండు నుంచి వచ్చినవాడు. రెండిటికీ అక్షరాలు ఒకటే. ఆ కుటుంబం మూడు నాలుగొందల ఏళ్ల కిందట ఏ ఊళ్లో ఉండేదో తెలియకుండా ఇందులో ఏది నిజమో చెప్పడం కుదరదు. కాబట్టి ఈ పనిలో ఊరు ముందు, అర్థం తర్వాత. ఫోన్లో పేరు కొట్టి మొదట కనబడిన అర్థం రాసేసుకుంటే ఆ తర్వాత చేసిందంతా వృథా.

రాయి మీది పేరు ఎత్తుకోవడం

వానాకాలం పోయాక వెళ్లండి. జూన్ నుంచి అక్టోబరు దాకా కొండ మీద రాళ్లకి పాకుడు పడుతుంది, అక్షరాల గాట్లు కప్పబడిపోతాయి. చలికాలంలో పాకుడు ఎండి తేలిగ్గా ఊడుతుంది. మంచినీళ్లు, మెత్తటి రంగుల బ్రష్ చాలు. ఇనప బ్రష్, యాసిడ్ దగ్గరికి రానివ్వకండి, మెత్తటి రాయైతే అక్షరమే లేచిపోతుంది. సుద్ద పూయడం కూడా వద్దు. గాట్లలో ఉండిపోతుందన్నది ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం, అక్కడ ఏ అక్షరం ఉందని మీరనుకుంటారో దాన్నే సుద్దతో గీస్తారు, ఆ ఫొటో చూసినవాళ్లంతా అదే చదువుతారు.

ఎండ నెత్తిమీద ఉన్నప్పుడు తీసిన ఫొటో పనికిరాదు. గాట్లలో నీడ పడాలంటే వెలుగు పక్కనుంచి రావాలి, పొద్దున ఎనిమిది లోపో సాయంత్రం నాలుగు దాటాకో. చీకటి పడ్డాక టార్చిని రాయికి ఆనించినట్టు పట్టుకుని, ఎడమ, కుడి, పైన, కింద నుంచి ఒక్కో ఫొటో చొప్పున నాలుగు తీస్తే ఇంకా మంచిది. ఒకదాంట్లో కనబడని గీత ఇంకోదాంట్లో బయటపడుతుంది.

తర్వాత కాగితం మీద గళ్లు గీసి గడికో అక్షరం వేయండి. అంతుపట్టని చోట గడి ఖాళీగా వదలండి, ఊహించి నింపొద్దు. ఏ, ఓ, యూ అక్షరాల నెత్తిన రెండేసి చుక్కలున్నాయేమో ప్రత్యేకంగా చూడండి. జర్మన్ రాని శిల్పికి ఆ చుక్కలు కాగితం మీద పడ్డ మరకలనిపించవచ్చు, వదిలేయవచ్చు. చుక్కలుంటే 'మ్యోలర్', లేకపోతే 'మోలర్'. ఇంగ్లీషు కాగితాల్లో ఆ చుక్కలకి బదులు పక్కన ఒక 'ఇ' చేరుస్తారు, లేదా అసలే వదిలేస్తారు. అంటే ఏ పేరునైనా వెతికేటప్పుడు చుక్కలతో, 'ఇ'తో, రెండూ లేకుండా మూడుసార్లు వెతకాలి.

పాత జర్మన్ అచ్చులిపిలో కొన్ని అక్షరాలు కవల పిల్లల్లా ఉంటాయి. మాట మధ్యలో వచ్చే పొడుగు 'ఎస్' అచ్చం 'ఎఫ్'లా కనబడుతుంది. చిన్న 'కె'కీ 'టి'కీ, పెద్ద 'బి'కీ 'వి'కీ తేడా ఒక్క గీతే. చివర్లో ఇంగ్లీషు 'బి'లా ఉన్నది 'బి' కాదు, జోడు 'ఎస్'.

పేరు పక్కన 'గెబ్.' అని మూడక్షరాలు, చుక్క ఉంటే జాగ్రత్త. దాని తర్వాత తేదీ వస్తే 'పుట్టింది' అని అర్థం. ఆడమనిషి పేరు తర్వాత వచ్చి, వెనకాల ఇంకో ఇంటిపేరుంటే అది పుట్టింటి పేరు. దాన్ని రెండో భర్త పేరనుకుని వంశవృక్షంలో కొత్త కొమ్మ వేసినవాళ్లున్నారు. 'గెస్ట్.' అంటే చనిపోయిన తేదీ. తేదీ తర్వాత 'ఇన్' లేదా 'ట్సు' అనే చిన్న మాట, ఆ వెనక ఇంకో మాట ఉంటే అది పుట్టిన ఊరు. అది దొరికితే పని సగం అయినట్టే.

తెలుగులో రాసుకుంటే పోయేవి

మన లిపి ధ్వనిని బాగా పడుతుంది, అక్షరక్రమాన్ని పారేస్తుంది. 'ష్మిట్' అని రాశారనుకోండి, చివర 'డి-టి' ఉందో, రెండు 'టి'లున్నాయో, ఒక్క 'డి'నే ఉందో మళ్లీ తెలియదు. ఆ మూడూ మూడు ప్రాంతాల వైపు చూపించే రూపాలు. 'మైయర్' అనే ఒక్క ధ్వనికి జర్మన్‌లో కనీసం నాలుగు రాతలున్నాయి. అందుకని ఫొటో, గళ్ల కాగితం అసలు ప్రతి, తెలుగు రాత మన గుర్తు కోసమే.

తెలుగు కాగితంలోంచి వెనక్కి జర్మన్ రాతకి పోవాల్సి వస్తే ఇవి గుర్తుంచుకోండి. జర్మన్ 'డబ్ల్యూ'ని 'వ'గా, 'వి'ని ఎక్కువగా 'ఫ'గా, 'జెడ్'ని 'ట్స'గా పలుకుతారు. 'ఇ-ఐ' జంట 'ఐ', 'ఐ-ఇ' జంట 'ఈ', 'ఇ-యూ' జంట 'ఆయ్'. మన గుమాస్తా ఇంగ్లీషు చదివినట్టు చదివి రాశాడా, దొర నోట విని రాశాడా అన్నదాన్ని బట్టి ఒకే పేరు 'వోగెల్' అనీ 'ఫోగెల్' అనీ ఉంటుంది. మనవాళ్లకి తెలిసిన ఉదాహరణ ఉంది. 1719లో తరంగంబాడి దిగి, మద్రాసులో తెలుగు నేర్చి, బైబిలుని తెలుగు చేసి, జర్మనీ తిరిగెళ్లాక హాలె పట్నంలో తెలుగు పుస్తకాలు అచ్చువేయించిన పాస్టరుని మనం 'షుల్జ్' అంటాం. ఆ పేరు సరిగ్గా పలికితే 'షుల్ట్సె'.

1936 గీత

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమయ్యేదాకా కోరాపుట్ మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లాలో ఉండేది. రాయగడ, గజపతి జిల్లాలు 1992లో వచ్చినవి. కాబట్టి జర్మనీ కాగితాల్లో, ఓడ ప్రయాణికుల జాబితాల్లో 'ఒడిశా' అని వెతికితే శూన్యం. విశాఖపట్నం జిల్లా, మద్రాసు అని, లేదా 'జయపూర్ దేశం' అని వెతకాలి. ఆ 'జయపూర్' రాజస్థాన్‌ది కాదన్న సంగతి అవతలివాళ్లకి రాసే ఉత్తరంలో మొదటి వాక్యంలోనే చెప్పండి. 1914లో యుద్ధం మొదలయ్యాక ఇక్కడి జర్మన్లని ఇంగ్లీషువాళ్లు అహ్మద్‌నగర్ లాంటి శిబిరాల్లో పెట్టి, చాలామందిని 1915, 1916ల్లో గోల్కొండ అనే ఓడ ఎక్కించి పంపేశారు. ఆ కాలపు కాగితాలు ఇంగ్లీషు గుమాస్తాల చేతిరాత. చుక్కలు, జోడు ఎస్‌లు వాటిలో ఆశించకండి.

పుట్టిన ఊరు రాయి మీద లేకపోతే బ్రెక్లుం మిషన్ సంఘం పాత కాగితాలే దిక్కు. మిషనరీ శిక్షణకి చేరేటప్పుడు పుట్టిన తేదీ, ఊరు, తండ్రి వృత్తి రాయించుకోవడం ఆ సంఘాల అలవాటు. బ్రెక్లుంకి ఉత్తరం రాసి, ఆ మనిషి దస్త్రం ఇప్పుడు ఏ భాండాగారంలో ఉందో అడగండి. బ్రెక్లుం నుంచి వచ్చాడు కాబట్టి బ్రెక్లుంవాడే అనుకోవద్దు. అది శిక్షణ పొందిన చోటు మాత్రమే.

పేరు ఏ రకానిది

ఊరు తెలిశాక గానీ ఈ మెట్టు ఎక్కకండి. జర్మన్ ఇంటిపేర్లు 12వ శతాబ్దం నుంచి పడమటి, దక్షిణ పట్నాల్లో కుదురుకుంటూ వచ్చాయి. పల్లెలకీ ఉత్తరానికీ చాలా ఆలస్యంగా చేరాయి. వృత్తి, ఊరు, ఇంటి చుట్టుపక్కల ఆనవాలు, తండ్రి పేరు, ఎగతాళి పేరు, ఈ ఐదింట్లోంచే దాదాపు అన్నీ పుట్టాయి.

వృత్తిపేర్లు ప్రాంతాన్ని పట్టిస్తాయి. మన సరిహద్దులో ఒకే పనివాడు ఇటు కుమ్మరి, అటు కుంభార్ అయినట్టే, జర్మనీలో కుండలు చేసేవాడు తూర్పున ట్యోప్ఫర్, దక్షిణాన హాఫ్నర్, రైన్ నది వైపు ఆయ్లర్. బండ్లు చేసేవాడు దక్షిణాన వాగ్నర్, వాయవ్యంలో రాడెమాఖర్, ఈశాన్యంలో స్టెల్‌మాఖర్. దర్జీ మామూలు జర్మన్‌లో ష్నైడర్, ఉత్తరాన ష్రోడర్. పిండిమర నడిపే ముల్లర్ దేశమంతటా ఉన్నాడు. జర్మనీలో అన్నిటికంటే ఎక్కువమందికి ఉన్న పేరు అదే, అందువల్ల ఊరు కనుక్కోవడానికి అన్నిటికంటే పనికిరాని పేరూ అదే. ఉత్తరపు రూపం మ్యోలర్ కొంత నయం.

ఒక హెచ్చరిక. వృత్తిపేరుని కులం కింద చదవకండి. ష్నైడర్ అనే ఇంట్లో పేరు కుదిరిన తరం మనిషి బట్టలు కుట్టాడన్నంతవరకే నిజం. అతని మనవడు చెప్పులు కుట్టినా, చర్చిలో పాస్టరయినా పేరు ష్నైడరే. అలాగే ఇంటిపేరు ఒకటైతే దాయాదులమని, గోత్రం ఒకటని లెక్కగట్టే మన అలవాటు అక్కడ చెల్లదు. ప్రతి ఊళ్లో ఒక పిండిమర ఉండేది, ప్రతి మరకీ ఒక ముల్లర్ పుట్టాడు. వాళ్లకి చుట్టరికం లేదు.

షుల్ట్సె పేరు విప్పి చూస్తే పద్ధతి బోధపడుతుంది. మూలం 'షుల్ట్‌హైస్'. రావలసిన బాకీ, శిస్తు కట్టమని ఆజ్ఞాపించేవాడు, అంటే గ్రామపెద్ద. మన మునసబు అనుకోవచ్చు. అదే మాట నైరుతిలో షుల్ట్‌హైస్ గానే ఉండిపోయింది. పడమటనున్న వెస్ట్‌ఫాలియాలో షుల్టె, తూర్పున షుల్ట్స్, షుల్ట్సె, ఇప్పుడు చాలావరకు పోలండులో ఉన్న సైలీషియాలో షోల్ట్స్ అయింది. మన షుల్జ్ గారు బ్రాండెన్‌బుర్గ్‌వాడు, పేరు తూర్పు రూపంలో ఉంది, రెండూ అతికాయి. రూపం ఒక దిక్కు, ఊరు ఒక దిక్కు చూపిస్తే మధ్యలో ఎక్కడో వలస ఉంది, దాన్ని వెతకాలి.

ఊరిపేర్లు తిరకాసుగా పనిచేస్తాయి. బొబ్బిలిలో ఉన్నవాణ్ని బొబ్బిలివాడని ఎవరూ పిలవరు. ఆ ఇంటిపేరు ఊరు వదిలి గుణుపురం వచ్చాకే అంటుకుంటుంది. ఆడెనావర్ అంటే ఆడెనావ్ ఊరివాడు, అంటే ఆ పేరు ఆడెనావ్ బయట పుట్టింది. చివర 'అర్' అనే ధ్వని ఊరివాణ్ని చెబుతుంది. 'ఓ' అని ముగిసేవి, వెనక పలకని 'డబ్ల్యూ' ఉన్నవి, ఈశాన్యంలో స్లావ్ భాషల ఊళ్లవి. 'ఇట్స్' అని ముగిసేవీ చాలావరకు తూర్పువే. 'లె' అని ముగిసేవి నైరుతిలోని ష్వాబెన్ వైపువి. 'హూబర్' బవేరియాది, 'హూబె' అనే భూమి కొలత నుంచి వచ్చింది.

బ్రెక్లుం వైపు ఎక్కువగా తగిలేది 'సెన్'. యెన్సెన్ అంటే యెన్స్ కొడుకు, పీటర్సెన్ అంటే పీటర్ కొడుకు. ఇక్కడే చాలామంది పడిపోతారు. బ్రెక్లుం ఉన్న ష్లెస్విగ్ ప్రాంతంలో పాతకాలంలో ఈ పేరు తరం తరానికీ మారేది. యెన్స్ కొడుకు పీటర్ యెన్సెన్, అతని కొడుకు హాన్స్ పీటర్సెన్, అతని కొడుకు హాన్సెన్. 1771లో డెన్మార్క్ ప్రభుత్వం ష్లెస్విగ్‌లో స్థిరమైన ఇంటిపేరు పెట్టుకోమని ఆజ్ఞ వేసింది, అది పల్లెల్లో పాతుకోవడానికి ఇంకా కొంతకాలం పట్టింది. కాబట్టి యెన్సెన్లని వెనక్కి వెతుకుతూ పోతే 1771 దగ్గర దారి తెగుతుంది. అక్కణ్నుంచి ఇంటిపేరుని వదిలి, తండ్రి పేరుని, పొలాన్ని, ఇంటిని పట్టుకుని వెళ్లాలి. జర్మనీ వాయవ్య కొసనున్న తూర్పు ఫ్రీస్లాండ్‌లో ఈ పని నెపోలియన్ 1811లో చేయించాడు.

వెస్ట్‌ఫాలియాలో ఇంకో చిక్కు. అక్కడ పేరు మనిషిది కాదు, పొలానిది. ఇల్లరికం వెళ్లిన అల్లుడు మామగారి పొలం పేరే పెట్టుకునేవాడు, అతని పిల్లలకీ అదే. మన దగ్గర ఇల్లరికపుటల్లుడు ఇంటిపేరు ఉంచుకుంటాడు, దత్తుడు మార్చుకుంటాడు. అక్కడ అల్లుడూ దత్తుడితో సమానమన్నమాట. రిజిస్టర్లో రెండు పేర్ల మధ్య 'గెనాంట్' అనే మాట కనబడితే కథ అదే. మొదటిది పుట్టినింటి పేరు, రెండోది పొలం పేరు.

పటం

ఏ ఇంటిపేరు జర్మనీలో ఏ జిల్లాలో ఎంతమందికి ఉందో రంగుల్లో చూపించే పటాలు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. టెలిఫోన్ డైరెక్టరీల నుంచి తీసిన లెక్క అది. మొత్తం సంఖ్య చూపే పటం పక్కన పెట్టి, జనాభాతో పోల్చి చూపే పటం పెట్టుకోండి. లేకపోతే ప్రతి పేరూ బెర్లిన్, హాంబుర్గ్‌లలోనే పుట్టినట్టు కనబడుతుంది.

అయినా దాన్ని పూర్తిగా నమ్మకండి. 1945 తర్వాత తూర్పు ప్రాంతాల నుంచి కోటికి పైగా జర్మన్లు పడమటికి తరలిపోయారు. సైలీషియా పేర్లు ఇవాళ బవేరియాలో, ష్లెస్విగ్-హోల్‌స్టైన్‌లో గుంపులుగా కనిపిస్తాయి. మండల్, బిశ్వాస్ పేర్లు మల్కన్‌గిరిలో ఎక్కువున్నాయి కదా అని అవి మల్కన్‌గిరిలో పుట్టాయంటే మనం నవ్వుతాం, బెంగాలీ శరణార్థుల్ని అక్కడికి తెచ్చిన, 1958లో మొదలైన దండకారణ్య ప్రాజెక్టు మనకి తెలుసు కాబట్టి. జర్మనీ పటానికీ అదే బుద్ధి వాడాలి. యుద్ధానికి ముందటి లెక్కల పటం దొరికితే దాన్నే ముందు చూడండి. డార్మ్‌స్టాట్, మైంట్స్ పండితులు నడిపే డిజిటల్ ఇంటిపేర్ల నిఘంటువు ఉచితం. ఒక్కో పేరుకి ఎన్ని పుట్టుకలు సాధ్యమో విడివిడిగా చెబుతుంది. మొదటిది చదివి ఆపేయొద్దు.

రిజిస్టర్లు

ప్రభుత్వ రిజిస్టర్లు అప్పటి జర్మనీలో అతిపెద్ద రాజ్యమైన ప్రష్యాలో 1874 అక్టోబరు 1 నుంచి, జర్మనీ అంతటా 1876 జనవరి 1 నుంచి మొదలయ్యాయి. పుట్టుక నమోదు 110 ఏళ్లకి, పెళ్లి 80 ఏళ్లకి, చావు 30 ఏళ్లకి అందరికీ అందుబాటులోకి వస్తుంది. ఆ గడువు దాటని దానికి బంధుత్వం చూపించాలి. 1874కి ముందుది ఎక్కువగా చర్చి పుస్తకాల్లోనే. 16వ శతాబ్దం దాకా వెళ్లినవీ ఉన్నాయి గానీ 1618 నుంచి 1648 దాకా సాగిన ముప్ఫై ఏళ్ల యుద్ధంలో చాలా కాలిపోయాయి.

ప్రొటెస్టెంట్ పుస్తకాలు ఆర్కియన్ సైటులో డబ్బు కట్టి చూడాలి. ఏ ఊరి పుస్తకం ఏ సంవత్సరం నుంచి ఉందో చూడ్డానికి మాత్రం డబ్బక్కర్లేదు, ముందు అది చూసుకుని అప్పుడు కట్టండి. కాథలిక్కువి మాట్రికులా సైటులో ఉచితం. ఫ్యామిలీసెర్చ్ అనే వంశావళి సైటులో ఖాతా కూడా ఉచితమే. ఒకే పేరుతో ఇరవై ఊళ్లుండటం జర్మనీలో మామూలు. 1912 నాటి మైయర్స్ ఊళ్ల గెజెటీరు ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉంది. మీ ఊరికి సొంత చర్చి ఉండేదో లేదో అందులో చూసుకోండి. చిన్న పల్లెకి సొంత చర్చి ఉండదు.

చేతిరాత కుర్రెంట్ అనే పాత జర్మన్ గొలుసుకట్టు. అందులో 'ఇ' అక్షరం 'ఎన్'లా ఉంటుంది. 'యూ' నెత్తిన చిన్న వంకర గీత ఉంటుంది, దాన్ని రెండు చుక్కలనుకోకూడదు. ముందు ఇంటిపేరు చదవబోకండి. నెలల పేర్లు, 'బాప్తిస్మం', 'తండ్రి', 'తల్లి' అనే మాటలు ప్రతి పేజీలో తిరిగి తిరిగి వస్తాయి. వాటిని పట్టుకుని ఆ పాస్టరు చేతివాటం తెలుసుకుని, ఆ అక్షరాలతో ఇంటిపేరుని పోల్చండి.

తేదీల్లో ఒక ఉచ్చు. '7' రాసి పక్కన 'బర్' అని ఉంటే అది జూలై కాదు, సెప్టెంబరు. '8' అక్టోబరు, '9' నవంబరు, '10' డిసెంబరు, లాటిన్ లెక్క అది. ప్రొటెస్టెంట్ ప్రాంతాల్లో 1700లో ఫిబ్రవరి 18 తర్వాత నేరుగా మార్చి 1 వచ్చింది. మధ్య తేదీలు లేవని పుస్తకం చిరిగిందనుకోకండి. ఆడవాళ్ల ఇంటిపేరు చివర 18వ శతాబ్దం దాకా 'ఇన్' తగిలించేవారు. ముల్లరిన్ అంటే ముల్లర్ ఇంటి ఆడపడుచో కోడలో, వేరే ఇంటిపేరు కాదు. చదువుకున్నవాళ్లు పేరుని లాటిన్‌లోకి మార్చుకునేవారు. మోలిటర్ అంటే ముల్లరే, ఫాబర్ అంటే ష్మిట్టే, టెక్స్‌టర్ అంటే నేతగాడు వేబరే. ఒక తరంలో ఇంటిపేరు హఠాత్తుగా మాయమైతే లాటిన్ రూపం కోసం వెతకండి.

'ఫాన్' అని ముందుంటే వెంటనే జమీందారీ వంశమని చెప్పేయొద్దు. ఉత్తరాన మామూలు రైతులకీ ఊరిపేరు ముందు అది ఉండేది. కైజర్, క్యోనిష్ అంటే చక్రవర్తి, రాజు అనే అర్థాలే గానీ ఆ ఇంటిపేర్లు ఎగతాళిగానో, రాజుగారి భూమి చేసినందుకో వచ్చినవి. ఇంటిపేరు చెబితే వంశచిహ్నం అచ్చువేసి అమ్మే సైట్లకి డబ్బు తగలేయకండి. ఆ చిహ్నం ఒక కుటుంబానిది, ఆ పేరున్న అందరిదీ కాదు.

చర్చికో భాండాగారానికో ఉత్తరం రాసేటప్పుడు ఒక ఉత్తరానికి ఒకే ప్రశ్న. పేరు అన్ని రూపాల్లో, సుమారు సంవత్సరం, ఊరు, ఏ మతశాఖ, ఈ నాలుగూ రాసి, వెతికే రుసుము ఎంతవరకు కట్టగలరో ముందే చెప్పండి. చాలాచోట్ల గంటల లెక్కన వసూలు చేస్తారు. ఇంటిపేరు ఏదో, పెట్టిన పేరు ఏదో స్పష్టంగా గుర్తు పెట్టండి. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, వాళ్లు వెనక రాస్తారు. బరంపురం ఆఫీసుల్లో 'రావు' ఇంటిపేరైపోయినట్టు, మీ ఉత్తరంలో ఎర్న్‌స్ట్ ఇంటిపేరైపోతే వాళ్లు ఎర్న్‌స్ట్‌ల కట్టలు తిరగేసి, ఏమీ దొరకలేదని బిల్లు పంపుతారు.